స్కూటర్ తాళంచెవి

చెంచురామయ్యకి మతిమరుపు లేదని చింతలవాగు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో అందరూ ఒప్పుకుంటారు. అందరూ అంటే ఆయనొక్కడే. రెండు గదులూ ఒక జనరేటర్ షెడ్డూ ఉన్న ఆ భవనానికి మెకానిక్కూ ఆయనే, కాపలాదారూ ఆయనే, పొద్దున్నే చీపురు పట్టేదీ ఆయనే.

ఆ జ్ఞాపకశక్తి దేవుడిచ్చింది కాదు, కిటుకుతో సంపాదించుకున్నది. లైను పరీక్ష చేయాల్సి వచ్చినప్పుడు ఎక్స్ఛేంజిలో కేబుళ్లన్నీ వచ్చి కలిసే ఇనప ఫ్రేములో లూపు పెట్టాలి. లూపంటే జానెడు కేబుల్ ముక్క. లైను వెళ్లే దారినీ వచ్చే దారినీ అక్కడే కలిపేస్తుంది. ఎవరు పంపింది వాళ్లకే తిరిగొస్తుంది, తిరిగొచ్చిందంటే అక్కడిదాకా లైను బాగున్నట్టు. పని కాగానే ఆ ముక్క పీకేయాలి. పీకడం మరిచిపోయి మాట పడినవాళ్లు డిపార్టుమెంటులో బోలెడుమంది ఉన్నారు. చెంచురామయ్య మాత్రం లూపు పెట్టగానే తన స్కూటర్ తాళంచెవి రింగును దానికి తగిలిస్తాడు. సాయంత్రం ఇంటికెళ్లాలంటే తాళంచెవి కావాలి, తాళంచెవి కావాలంటే ఫ్రేము దగ్గరికి వెళ్లాలి. ఈ ఉపాయం ఖమ్మంలో ట్రైనింగు ఇచ్చిన ఏ ఇంజనీరూ చెప్పలేదు. తనే కనిపెట్టాడు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆయనకి కాస్త గర్వంగానే ఉంటుంది.

బుధవారం పొద్దున ఆయన నడిచే వచ్చాడు. క్లచ్ ప్లేటు అరిగిపోయి స్కూటర్ సోమవారం నుంచి మోతీలాల్ రిపేరు షాపులో పడుంది, కొత్త ప్లేటు కొత్తగూడెం నుంచి రావాలి. రాత్రంతా ఉరుములూ మెరుపులూ. తాళం తీసేసరికే లోపల ఫోను మోగుతోంది. మండలాఫీసు కంప్యూటర్ గది నుంచి కళావతి. ఖమ్మం లింకు తెగిందని, పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతోందని చెప్పింది.

ఆ పెట్టె పేరు కన్వర్టర్. మండలాఫీసులో అయిదు కంప్యూటర్లున్నాయి, ఒకదానితో ఒకటి తీగలతో ముడిపడి ఉన్నాయి. వాటి మాట ఆ గది దాటి బయటికి రాదు. ఖమ్మం జిల్లా ఆఫీసులోనూ అంతే, వాళ్ల కంప్యూటర్లు వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటాయి. మధ్యలో నూరు కిలోమీటర్ల పైచిలుకు అడవీ, వాగులూ, ఆ వెంబడే పాతిన టెలిఫోన్ కేబులూ. కంప్యూటర్ల భాష టెలిఫోన్ లైనుకి రాదు. ఇక్కడొక కన్వర్టర్, అక్కడొక కన్వర్టర్ కూర్చుని దుబాసీ పని చేస్తేగాని రెండు ఆఫీసులూ కలవవు.

మామూలు రోజుల్లో లింకు ఒక పూట పోయినా ఎవరికీ పట్టదు. ఈ వారం అలా కాదు. పోడు చేసుకుంటున్న అడవి భూములకి హక్కు పత్రాలిస్తామని సర్కారు అంటే కోయలు తమ గుంపుల్లో, అంటే పల్లెల్లో, సభలు పెట్టి, భూమి కొలిచి, రెండొందల పద్నాలుగు దరఖాస్తులు తెచ్చి ఇచ్చారు. అవన్నీ శనివారం సాయంత్రం అయిదింటిలోగా ఖమ్మంలోని కంప్యూటర్లోకి ఎక్కాలి. ఎక్కనివి మళ్లీ జాబితా తెరిచినప్పుడే. అదెప్పుడో చెప్పగలిగినవాడు లేడు. రూలు పుస్తకంలో ఒక్క సడలింపు ఉంది, టెలిఫోన్ వాళ్లు లైను పోయిందని రాసిస్తే పోయినన్ని రోజులు అదనంగా ఇస్తారు. మంగళవారానికి కళావతి నలభై ఎనిమిది ఎక్కించింది. రెండో ఆపరేటర్ పురిటికి వెళ్లింది కాబట్టి మిగతా నూట అరవై ఆరూ ఆమె చేతి మీదే పోవాలి.

పిడుగు దెబ్బ తగిలింది ఖమ్మం వైపు కన్వర్టర్‌కని తేలింది. అక్కడి ఇంజనీరు జయప్రకాశ్ దాన్ని మార్చి, పదకొండు దాటాక ఫోను చేసి లూపులు పెట్టమన్నాడు, ఖమ్మం వైపు చూసేదొకటి, మండలాఫీసు వైపు చూసేదొకటి. రెండు వైపులా ఒకేసారి తేలిపోతుందన్నాడు. చెంచురామయ్య రెండు ముక్కలూ బిగించి, అలవాటుగా రిజిస్టర్ తెరిచి, లూపులు పెట్టిన టైము పదకొండూ ఇరవై అని రాశాడు. పక్క గడిలో తీసిన టైము పదకొండున్నర అని కూడా అప్పుడే రాసేశాడు. పరీక్ష పది నిమిషాలు దాటదని పాతికేళ్ల అనుభవం, రెండుసార్లు పెన్ను తీయడమెందుకని బద్ధకం.

మండలాఫీసులో పచ్చ లైటు వచ్చిందని కళావతి చెప్పింది. ఖమ్మంలోనూ పచ్చగానే ఉందని జయప్రకాశ్ అన్నాడు. ఇక తీసేయమని ఆయన అంటుండగానే కరెంటు పోయింది, వెంటనే బ్యాటరీ అలారం మొదలైంది. రాత్రి కరెంటు లేక బ్యాటరీలు అప్పటికే సగానికి దిగి ఉన్నాయి, అవి చస్తే మండలమంతా ఫోన్లు చచ్చినట్టే. చెంచురామయ్య సరే సార్ అని రిసీవర్ పెట్టేసి షెడ్డులోకి పరుగెత్తాడు. జనరేటర్ తాడు తెగింది. కొత్త తాడు కట్టి, ప్లగ్గు విప్పి తుడిచి, దాన్ని దగ్గించి, మూలిగించి, ఆఖరికి తిప్పేసరికి ఒంటిగంట అయింది. మోచేతులదాకా నల్లటి ఆయిలు. సబ్బు పెట్టి రుద్దుకుని, సద్ది తిని, సాయంత్రం గొడుగూ టిఫిన్ డబ్బా తీసుకుని ఇంటికి నడిచాడు. ఆ పూట ఆఫీసులోనూ కరెంటు లేదు కాబట్టి ఎవరూ ఏదీ పంపి చూడలేదు.

గురువారం పదింటికి కళావతే ఎక్స్ఛేంజికి వచ్చింది. బూరుగుగుంపు కోయపిల్ల, డిగ్రీ చదివి ప్రైవేటు ఏజెన్సీ కాంట్రాక్టు మీద ఆ ఉద్యోగంలో చేరింది. చెప్పుల బురద గుమ్మం దగ్గర గీకి లోపలికొచ్చి, ఫోనులో చెప్తే అర్థం కాదని వచ్చానంది.

"బాబాయ్, లైటు పచ్చగనే ఉన్నది. గని ఒక్క ఫారం పోతలేదు. ఇంకోటి చెప్త విను. ఆ పెట్టె వైరు పీకితే మా అయిదు కంప్యూటర్లు మంచిగ మాట్లాడుకుంటున్నయ్. వైరు పెట్టంగనే వాటికి గొంతు పట్టుకున్నట్టు అయితున్నది. ఏందిది?"

చెంచురామయ్యకి కూడా వింతగానే అనిపించింది. ఆమె వెంట ఆఫీసుకి వెళ్లి చూశాడు. పచ్చ లైటు కన్నార్పకుండా వెలుగుతోంది. వరండాలో బల్ల మీద బూరుగుగుంపు పోడు రైతు గంగక్క కూర్చుని ఉంది, చెంగులో పాలిథిన్ కవరు, అందులో దరఖాస్తు నకలు. పత్తి గింజలు పెట్టే అదును అది. చేను వదిలి మూడు గంటలు నడిచి వచ్చింది. తన పేరు ఖమ్మం పోయిందో లేదో చూసుకుని పోదామని వచ్చానంది. పోలేదని చెబితే, అయితే పోయినంకనే పోత అంది.

అక్కడి ఫోను నుంచే చెంచురామయ్య ఖమ్మానికి మాట్లాడాడు. జయప్రకాశ్ మొదట అడిగిన మాట, లూపు తీశావుగా అని. చెంచురామయ్య పది నిమిషాల్లో చెప్తానని ఎక్స్ఛేంజికి తిరిగొచ్చాడు. గుమ్మంలో నిలబడి ఫ్రేము వైపు చూశాడు. ఎనభై తొంభై కేబుళ్లు జడలు కట్టుకుని ఎప్పటిలాగే ఉన్నాయి. ఎక్కడా తాళంచెవి వేలాడటం లేదు. రిజిస్టర్ చూశాడు. తీసిన టైము పదకొండున్నర, కింద తన సంతకం.

"తీశాను సార్. పదకొండున్నరకి."

అయితే తప్పంతా వాళ్ల కంప్యూటర్లలోనే ఉంది, వైరస్ అయి ఉంటుందని జయప్రకాశ్ తేల్చాడు. వైరు పెడితే గది మొత్తం ఆగిపోతోందంటే అంతకన్నా రుజువేం కావాలన్నాడు. ఆ మాట చెంచురామయ్యే మోసుకెళ్లి సూపరింటెండెంట్ వెంకటనారాయణకి చెప్పాడు. సత్తుపల్లి దగ్గరి మోతుబరి కుటుంబంలో పుట్టిన ఆయనకి కంప్యూటర్ గురించి ఏమీ తెలియదు, మనుషుల గురించి అన్నీ తెలుసని నమ్మకం. పెన్‌డ్రైవులో పాటలు తెచ్చి వింటే వైరస్ రాదా అని కళావతిని అందరి ముందూ అడిగాడు. తన దగ్గర పెన్‌డ్రైవే లేదని ఆమె చెప్పింది. ఆ రోజంతా, మర్నాడు మధ్యాహ్నందాకా, అయిదు కంప్యూటర్లనీ ఒక్కొక్కటే తుడిచి, మందు సీడీ వేసి, మళ్లీ మళ్లీ పంపి చూసింది. ఏదీ పోలేదు.

శుక్రవారం జయప్రకాశ్ జీపులో తనే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తోలు సంచీలో ఖరీదైన మీటరు. ఎక్స్ఛేంజి ముందునుంచే జీపు పోయింది గాని ఆగలేదు, తిన్నగా మండలాఫీసుకే వెళ్లాడు. కన్వర్టర్ వెనక కేబుల్ విప్పి మీటరుకి తగిలించాడు. గదిలో అందరూ గోడలకి ఆనుకుని నిలబడ్డారు. మీటరు పదిహేను నిమిషాలు అంకెలు పంపింది, తిరిగొచ్చినవి లెక్కపెట్టింది. తప్పులు, సున్నా.

"ఒక్క తప్పు లేదు. ఇంతకంటే మంచి లైను నేనివ్వలేను" అన్నాడు జయప్రకాశ్.

చెంచురామయ్యకి ఆ సున్నా నచ్చలేదు. దారిలో అయిదు ఎక్స్ఛేంజిలు దాటి, వానలో నానే కేబుల్ మీద వెళ్లి రావాల్సిన లైను. ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదే అనుకున్నాడు. అనుకున్నాడు గాని పైకి అనలేదు. ఇంజనీరు మీటరు ముందు మెకానిక్ అనుమానం ఏపాటిది. పైగా ఆరేళ్లుగా ఎదురుచూస్తున్న ఎర్రుపాలెం బదిలీ ఫైలు ఆ ఇంజనీరు బల్ల మీదే ఉంది. భార్య పద్మావతమ్మ అక్కడ, తనిక్కడ. సోమవారం సంతకం పెట్టి పంపిస్తానని జీపు దిగుతూనే ఆయన నవ్వుతూ చెప్పాడు.

బుధవారం పదకొండున్నర నుంచి లైనులో ఏ లోపమూ లేదని జయప్రకాశ్ అక్కడే కాగితం రాశాడు. సాక్షిగా చెంచురామయ్య సంతకం పెట్టాడు. పెడుతుంటే కళావతి తననే చూస్తోందని తెలుసు, తలెత్తలేదు. ఆ కాగితంతో అదనపు రోజుల ఆశ పోయింది. వెంకటనారాయణ దాన్ని ఫైల్లో పెట్టి, ఫారాలు ఎక్కించకుండా కాలక్షేపం చేసి నేరం లింకు మీద వేసిందని కళావతిని తీసేయమంటూ ఏజెన్సీకి ఇంకో కాగితం తయారు చేయించాడు. శనివారం సాయంత్రందాకా అవకాశం ఇస్తున్నానని, అప్పుడు పంపుతానని చెప్పాడు.

"సార్, నేను పంపుడు పంపుతనే ఉన్న. గంగక్క పేరు ఒక్కటే నలభై మాట్ల పంపిన. అది యాడికి పోతున్నదో నాకు ఎరుక లేదు. అది చెప్పుండ్రి ముందుగాల."

మీటరు సంచీలోకి వెళ్లింది, జీపు ఖమ్మం వెళ్లింది.

శనివారం పొద్దున కళావతి ఇంకో దారి వెతికింది. జూలూరుపాడు మండలాఫీసులో లింకు బాగుందట, ఫారాలు తీసుకుని పొద్దుటి బస్సుకి పోతానంది. మన మండలం పాస్‌వర్డు మన కంప్యూటర్లలో తప్ప ఎక్కడా పనిచేయదని వెంకటనారాయణ అన్నాడు, ఆ మాట నిజమే. కాగితాలే పట్టుకుపోయి ఖమ్మంలో ఇద్దామంటే, కాగితాలు తీసుకోరు. పన్నెండింటికి బూరుగుగుంపు నుంచి ఇంకో పదిమంది వచ్చి వరండాలో కూర్చున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. గొడవ చేస్తే బాగుండు అనిపించింది చెంచురామయ్యకి. ఆయనకి అక్కడ పనేమీ లేదు, అయినా ఎక్స్ఛేంజికి తాళం వేసి వచ్చి ఆ వరండా మెట్ల మీద నిలబడ్డాడు. శుక్రవారం పెట్టిన సంతకం అన్నం తిననివ్వలేదు.

రెండుంబావుకి మోతీలాల్ స్కూటర్ మీద వచ్చి మెట్ల ముందు ఆపాడు. కొత్త ప్లేటు వేశానని, ఎక్స్ఛేంజికి పోతే తాళం ఉందని చెప్పి తాళంచెవి ఇచ్చాడు.

"క్లచ్ జర మెల్లగ వదలుండ్రి సార్. కొత్తది కద, దుంకుతది."

చెంచురామయ్య తాళంచెవి అందుకున్నాడు. అయిదు రోజుల తర్వాత చేతికొచ్చిన ఆ ఇనప రింగుని బొటనవేలు దానంతటదే విప్పబోయింది, ఫ్రేము ముందు నిలబడినప్పుడు విప్పినట్టే. వేలు అలాగే ఆగిపోయింది. బుధవారం దీన్ని దేనికి తగిలించాను అనుకున్నాడు. దేనికీ తగిలించలేదు. తగిలించడానికి తాళంచెవి లేదు. సాయంత్రం ఫ్రేము దగ్గరికి వెళ్లి ఏం తీసుకున్నాడు? ఏమీ తీసుకోలేదు. గొడుగూ, టిఫిన్ డబ్బా.

మోతీలాల్ ఇంకేదో చెబుతుంటే వినకుండా స్కూటర్ ఎక్కాడు. క్లచ్ మెల్లగా వదలలేదు, బండి దుంకింది.

ఎక్స్ఛేంజిలో ఫ్రేము ముందు కూర్చుని టార్చి వేసి కేబుళ్లు పక్కకి తప్పించాడు. రెండు ముక్కలూ అక్కడే ఉన్నాయి, తను బిగించినట్టే. మూడు రోజులుగా ఆ గదిలో ఊడుస్తున్నాడు, వాటి ముందునుంచే తిరుగుతున్నాడు. తాళంచెవి లేకపోతే లూపు లేనట్టేనని కళ్లకి తనే నేర్పాడు. ఇంజనీరు మీటరు అంకెలు ఈ గదిదాకా వచ్చి ఇక్కడినుంచే వెనక్కి పోయాయి. అందుకే సున్నా. కళావతి పంపినవన్నీ ఇక్కడ తలుపు తట్టి మళ్లీ ఆమె గదిలోకే పోయి పడ్డాయి. ఆ కంప్యూటర్లకి గొంతు పట్టింది అందుకే. ఆ పిల్ల గురువారమే వచ్చి చెప్పింది.

రెండు లూపులూ పీకి, అసలు కేబుళ్లు బిగించాడు. గోడ గడియారం రెండూ నలభై. నిమిషం గడవకముందే ఫోను మోగింది.

"పోతున్నయ్ బాబాయ్. ఒకటి పోయింది. ఖమ్మం నుంచి రసీదు నంబర్ తిరిగొచ్చింది" అంది కళావతి. ఏం చేశావని అడగలేదు, అంత తీరిక లేదు, పెట్టేసింది.

చెంచురామయ్య లెక్క వేసుకున్నాడు. ఒక్కో ఫారానికి రెండు నిమిషాలు. నూట నలభై నిమిషాలున్నాయి. ఎంత వేగంగా కొట్టినా డెబ్బై. తొంభై ఆరు మిగిలిపోతాయి. లూపులు జేబులో వేసుకుని ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. వైరస్ పోయిందనుకుంటారు. తొంభై ఆరు కుటుంబాలు ఇంకో జాబితా కోసం చూస్తాయి, కళావతి ఇంటికి పోతుంది, తను ఎర్రుపాలెం పోతాడు. ఆ పోవడం ఆయనకి కళ్లముందు కనబడింది కూడా. పద్మావతమ్మ పంపు దగ్గర బిందె దించడం కనబడింది. లూపులు చేతిలో పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

మూడుంబావుకి ఖమ్మం నుంచి జయప్రకాశ్ ఫోను. జిల్లా ఆఫీసు వాళ్లు మీ ఫారాలు వస్తున్నాయన్నారు, చూశావా, వైరస్ వదిలింది అన్నాడు హుషారుగా.

"వైరస్ కాదు సార్. లూపు. బుధవారం నేనే మర్చిపోయాను. ఇప్పుడు తీశాను."

జయప్రకాశ్ గొంతు తగ్గించి, ఈ సంగతి ఇంకెవరితోనైనా అన్నావా అని అడిగాడు. లేదన్నాడు చెంచురామయ్య. అయితే ఇక అనొద్దని, లైను బాగుందని తను రాసిచ్చిన కాగితం పైకి వెళ్లిందని, ఎక్స్ఛేంజిలో దిగి చూడకుండా రాశానని తేలితే ఇద్దరికీ మాటొస్తుందని ఓపికగా వివరించాడు.

"రిజిస్టర్లో ఏముంది? పదకొండున్నరకి తీసినట్టు ఉంది. ఉన్నది ఉన్నట్టు ఉంచు, చాలు. రిజిస్టర్లో ఉన్నదే నిజం."

"రిజిస్టర్లో రాసింది నేనే సార్. తీయకముందే రాశాను."

"ఎర్రుపాలెం ఫైలు సోమవారం పంపుదామనుకుంటున్నాను" అన్నాడు జయప్రకాశ్.

ఫోను పెట్టేశాక చెంచురామయ్య రిజిస్టర్ తెరిచాడు. బుధవారం వరసలో తీసిన టైము మీద స్కేలు పెట్టి ఒక గీత గీశాడు, పాత అంకెలు కనబడేలాగే. పైన రాశాడు. శనివారం మధ్యాహ్నం రెండూ నలభైకి తీసితిని. అంతవరకు లింకు పనిచేయలేదు. మరిచినది నేను. సంతకం పెట్టి, తేదీ వేసి, రిజిస్టర్ని గోనెపట్టాలో చుట్టి స్కూటర్ ముందర పెట్టుకుని బయల్దేరాడు. ఈసారి క్లచ్ మెల్లగా వదిలాడు.

ఆఫీసులో కళావతి తల తిప్పకుండా టైపు కొడుతోంది. పక్కన గంగక్క నేల మీద కూర్చుని ఫారాలు వరసగా ఒక్కొక్కటే పైకి అందిస్తోంది. చదవడం రాదు, అయినా దొంతర చెదరనివ్వడం లేదు. ఆమెది అడుగున ఉంది. ముందు పెట్టమని కళావతి అంటే, వరసలో ఉన్నోళ్లు ఏమనుకుంటరు అందట. అయిదు కొట్టేసరికి డెబ్బై ఒకటి పోయాయి. డెబ్బై రెండోదానికి తెర మీద జాబితా మూసుకుంది. కళావతి చేతులు మీటల మీదే ఉండిపోయాయి.

వెంకటనారాయణ ఆ సరికే తన గదిలో చెంచురామయ్య ఇచ్చిన రిజిస్టర్ చదివాడు. ఒకసారి చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. మొదట కోపం వచ్చింది, తర్వాత తను తయారు చేయించిన కాగితం గుర్తొచ్చింది. దాన్ని సొరుగులోంచి తీసి చింపాడు. రిజిస్టర్ పేజీకి జిరాక్సు తీయించి, మూడు రోజులు అదనంగా ఇవ్వమని ఉత్తరం రాయించి, అప్పుడే ఖమ్మానికి ఫ్యాక్సు చేయించాడు. అడిగితే ఇవ్వక తప్పదు, రూలు అలా ఉంది అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

చెంచురామయ్య కంప్యూటర్ గదిలోకి వెళ్లి జరిగింది కళావతికి చెప్పాడు. లూపంటే ఏమిటో, ఎక్కడుందో, ఎలా మరిచాడో అంతా చెప్పాడు. తప్పు ఒప్పుకుంటే ఎదుటివాళ్లు కాస్త మెత్తబడతారని ఆయన లోపల ఆశపడ్డాడు. ఆమె మెత్తబడలేదు.

"అంటే గంగక్క పేరు నలభై మాట్ల నాకాడికే తిరిగొచ్చిందన్నట్టు."

"అవునమ్మా."

"నన్ను గీడ మూడొద్దులు దొంగను చేసిండ్రు బాబాయ్. ఆ కాగితం మీద నువ్వు సంతకం పెట్టినవ్. నా మొకం సూడకుంట పెట్టినవ్."

చెంచురామయ్యకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవునన్నాడు. ఆమె ఫారాల దొంతర సర్దుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. గంగక్క లేచి, సోమారం మల్ల వస్త బిడ్డా అని చెంగు దులుపుకుని బయల్దేరింది.

సోమవారం మధ్యాహ్నం ఖమ్మం నుంచి మూడు రోజుల గడువు వచ్చింది. అదే ఫ్యాక్సు మిషన్ నుంచి చెంచురామయ్య పేరు మీద ఛార్జి మెమో కూడా వచ్చింది. విధుల్లో నిర్లక్ష్యం, తప్పుడు నమోదు, పది రోజుల్లో సంజాయిషీ. ఎర్రుపాలెం ఫైలు ఊసు లేదు. ఇక ఉండదని ఆయనకి తెలుసు. రాత్రి పద్మావతమ్మకి ఫోనులో చెబితే ఆమె అన్నం తిన్నావా అని అడిగింది.

మంగళవారం పదకొండింటికి లింకు మళ్లీ ఆగింది. ఎర్ర లైటు. అప్పటికి మిగిలింది ఒక్క ఫారం, దొంతర అడుగునున్న గంగక్కది. లూపు పెట్టి చూడమని ఖమ్మం నుంచి ఎవరో కొత్త గొంతు చెప్పింది. చెంచురామయ్య లూపు బిగించి, రిజిస్టర్లో పెట్టిన టైము రాసి, పక్క గడి ఖాళీగా వదిలాడు. జేబులోంచి తాళంచెవి తీసి రింగు విప్పాడు. విప్పి, తగిలించలేదు. అది పట్టుకుని మండలాఫీసుకి గబగబా నడిచి, కళావతి బల్ల మీద పెట్టాడు.

"లూపు పెట్టాను తల్లీ. ఇది నీ దగ్గర ఉండనీ."

ఆమె తాళంచెవి వైపు చూసింది, ఆయన వైపు చూసింది. సొరుగు లాగి అందులో వేసి మూసింది.

"నువ్వు తీసిన అంటే ఇయ్య బాబాయ్. ఒక్క ఫారం పోయి నంబరు రావాలె. గప్పుడే ఇస్త."

ఆయన మళ్లీ ఎక్స్ఛేంజికి నడిచాడు. ఒక కేబుల్ మొన వదులై ఉంది, దాన్ని కోసి కొత్తది బిగించేసరికి పావుగంట పట్టింది. లూపు పీకాడు. పీకి, చేతిలో పట్టుకుని, అప్పుడు గడియారం చూసి గడి నింపాడు. ఎండ కాస్తోంది. చెమటలు తుడుచుకుంటూ ఆఫీసు మెట్లెక్కేసరికి కళావతి కొడుతోంది. గంగక్క బల్ల పక్కనే నిలబడి తెర వైపు కన్నార్పకుండా చూస్తోంది. చేతిలో ఇంకేం కాగితాలు లేవు, ఆమెది కళావతి ముందే ఉంది. చెంచురామయ్య గుమ్మం దగ్గరే ఆగాడు.

పేరు, భర్త పేరు, గుంపు, రెండెకరాల ముప్పై గుంటలు. కళావతి ఆఖరి మీట నొక్కి చేతులు ఒళ్లో పెట్టుకుంది. ముగ్గురూ ఎదురుచూశారు. తెర తెల్లబడింది, చాలాసేపు తెల్లగానే ఉంది. తర్వాత మధ్యలో చిన్న అక్షరాలతో ఒక నంబరు వచ్చింది.

"పోయిందా బిడ్డా?" అంది గంగక్క.

"పోయింది అవ్వా. ఖమ్మంల ఉన్నది నీ పేరు."

కళావతి నంబరు కాగితం మీద రాసి గంగక్క కవరులో పెట్టింది. తర్వాత సొరుగు లాగి, తాళంచెవిని బల్ల చివరికి జరిపింది.